తల్లిపెట్టెను ఎత్తుకెళ్లిన రోజు

పగలగొట్టడం నా వృత్తి. సిగ్గుపడుతూ చెప్పడం లేదు, గొప్పగానే చెబుతున్నాను. ఆక్రాలో ఎవరింట్లో టీవీ కన్నుమూసినా, ఏ ఆఫీసులో కంప్యూటర్ మూలపడినా, తోపుడుబండి ఎక్కి చివరికి చేరేది ఒడా వాగు పక్కనున్న మా దొడ్డికే. నేను సుత్తీ ఉలీ పట్టుకుని కూర్చున్నానంటే కంప్యూటర్ డబ్బా అరటిపండు తొక్కలా ఊడి వచ్చేస్తుంది. ఇనుము ఒక కుప్ప, రాగి ఒక కుప్ప, అల్యూమినియం ఒక కుప్ప, ఆకుపచ్చ పలకలు గోనెసంచిలోకి. నా పేరు అజుంపొకా. మాది ఉత్తరాన బోల్గా వైపు, మేం ఫ్రాఫ్రా వాళ్లం. చేతివేగంలో నన్ను మించిన మనిషి ఈ దొడ్డిలో ఒక్కతే ఉంది, నా ఆడపడుచు లామిసి. ఆ వేగమే ఒకరోజు నా కొంప ముంచింది.

నా పాకకు ఎదురుపాక జెర్వేజ్ బయోర్‌ది. నేను పగలగొడతాను, అతను బాగుచేస్తాడు. ఆఫీసుల నుంచి లారీ రాగానే ఇద్దరం చెరోవైపు నుంచి దాని మీద పడతాం. చచ్చినవి నావి, కొనవూపిరితో ఉన్నవి అతనివి. ఏది చచ్చింది, ఏది చావలేదు అన్న దగ్గర మాత్రం ఏనాడూ మాకు కుదరలేదు.

అతను దగాబా మనిషి. దగాబా వాళ్లకూ మాకూ మేలమాడే వరస. వెనకటికి వాళ్ల తాతా మా తాతా కలిసి ఒక కుక్కను కోసుకున్నారు. పంపకాల వేళకు తల మాయమైంది. మీ తాతే మింగాడని మేమంటాం, కాదు మీ తాతే నడుముకు కట్టుకుపోయాడని వాళ్లంటారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎదురుపడితే తిట్టుకోవడమే. నేను అతన్ని బావా అంటాను, అతను నన్ను మరదలా అంటాడు. వరసైనవాళ్లు ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడు పరువు పోగొట్టుకున్నట్టే. క్షమాపణ చెప్పడమన్నది అసలు లేనే లేదు. మా నాన్న కాలంలో గానీ, వాళ్ల నాన్న కాలంలో గానీ ఎవరూ చెప్పినట్టు వినలేదు.

ఆ ఏడాది వానాకాలమంతా జెర్వేజ్ కంటికి నిద్రలేదు. ఉత్తరానే నాందోం అవతల చిన్న పల్లెలో అతని చెల్లెలు పెర్పెతువా బడిలో పాఠాలు చెబుతుంది. ఆ బడికి కంప్యూటర్లు పంపుతానని అతను మాటిచ్చాడు. ఏదో బీమా ఆఫీసు వాళ్లు వదిలించుకున్న పాతవాటిలోంచి, ఒకదాని మెదడు ఇంకోదానికి, ఒకదాని గుండె మరోదానికి పెట్టి, చచ్చిన గుంపులోంచి పది కంప్యూటర్లను లేపి కూర్చోబెట్టాడు. ఒక్కొక్కటి లేచినప్పుడు దాన్లోంచి మొట్టమొదట వాళ్ల చెక్కవాయిద్యం, జీల్, మోగేలా చేసేవాడు. జీల్ మోగిందంటే దొడ్డిలో అందరం సుత్తులు దించి అరిచేవాళ్లం. నేనైతే, "అయ్యో, ఒకటి నా చేతిలోంచి తప్పించుకుంది!" అని గుండెలు బాదుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, లోపల సంతోషంగానే ఉండేది.

ఆ పదింటిలో తొమ్మిది ఒట్టి కుండలు. అసలు సరుకంతా పదోదానిలో ఉంది. ఆ పల్లెలో ఫోను సిగ్నలు కావాలంటే రాళ్లగుట్ట ఎక్కాలి, ఇంటర్నెట్టు మాట దేవుడెరుగు. అందుకని జెర్వేజ్ ఒక్క కంప్యూటర్‌లోనే లెక్కలు, సైన్సు బొమ్మలు, పెర్పెతువా తమ దగారే భాషలో చెప్పిన పాఠాలు, కథలు అన్నీ నింపాడు. మిగతా తొమ్మిదీ తీగలతో దాని దగ్గర పాలు తాగుతాయి. దానికి అతను తల్లిపెట్టె అని పేరు పెట్టుకున్నాడు. చెల్లెలు గుట్టెక్కి ఫోన్లో పాఠం చెప్పడం, ఇతను ఇక్కడ ఎక్కించుకోవడం, మధ్యలో వానొచ్చి తెగిపోవడం, మళ్లీ మొదలుపెట్టడం. అదంతా నా కళ్లముందే జరిగింది.

శుక్రవారం సాయంత్రం లారీ బయలుదేరాలి. శుక్రవారం పొద్దున్నే నా బుర్రలో పురుగు తొలిచింది.

మా వరసలో ఇంకో ముచ్చట ఉంది. ఎదుటివాళ్లింట్లో పెళ్లో చావో బాప్తిస్మమో సాగనంపడమో, ఏదైనా పెద్దపని జరిగే రోజున రెండోవాళ్లు ముఖ్యమైన వస్తువు ఒకటి పట్టుకుపోవచ్చు. దాన్ని విడిపించుకోవాలంటే సొంతదారు ఒక కుండ పీతో జొన్నకల్లు, ఒక గిన్నికోడి సమర్పించుకోవాలి. మా అత్తగారి కర్మ రోజున ఈ జెర్వేజే మా ఇంటి డప్పు ఎత్తుకుపోయి, చెట్టెక్కి కూర్చుని, కోడి మెడ చేతిలో పడేదాకా దిగలేదు. చచ్చిన అత్తగారు కూడా నవ్వి ఉంటుంది. అప్పటి బాకీ నా మనసులో అలాగే ఉంది.

ఆ పొద్దున్న అతను పెట్టెలన్నీ బయట వరసగా పెట్టించి, ఒకదాన్ని మాత్రం విడిగా, దారికి దగ్గరగా ముక్కాలిపీట మీద పెట్టాడు. దానికో ఎర్ర రిబ్బను కట్టి, దొడ్డి మొత్తానికీ వినిపించేలా అరిచాడు.

"ఒరేయ్, ఎవరూ దీన్ని ముట్టుకోమాకండి! తల్లిపెట్టె ఇది. దీనికేదన్నా అయిందంటే మా చెల్లెలు నన్ను ముక్కలు చేసి కాకులకేస్తది. నేను తాళ్లూ, టార్పాలినూ కొనుక్కొస్తా. అందాకా ఇది ఇక్కడే ఉంటది."

"మమ్మల్ని చూసుకోమంటావా బావా?" అని కేకేశాను.

"నిన్నా? నక్కకి కోళ్లగూడు అప్పజెప్పినట్టే ఉంది. నువ్వు కళ్లు మూసుకు కూచో మరదలా, అదే పదివేలు."

"మూసుకుంటాలే. మీ తాత కుక్కతల మింగినప్పుడు మా తాత కూడా కళ్లే మూసుకున్నాడు."

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అంత విలువైనదాన్ని దారిపక్కన పీట మీద పెట్టి, రిబ్బను కట్టి, అరిచి చెప్పి మరీ పోయే బుద్ధితక్కువ పని దగాబా వాడే చేస్తాడనుకున్నాను. అనుకుని, తలగుడ్డ విప్పి దాని మీద కప్పి, చంకనెత్తుకుని నా పాకలోకి నడిచాను. చూసినవాళ్లు నవ్వారు గానీ నోరు విప్పలేదు. విప్పకూడదు, అది మర్యాద.

ఎక్కడ దాచాలి? మంచం కింద వెతుకుతాడు, నీళ్ల డ్రమ్ము వెనక వెతుకుతాడు. చచ్చిన పెట్టెల కుప్పలో వెతకడు గాక వెతకడు. రిబ్బను తీసేశాను. డబ్బాకు ఇంత మసీ ఇంత బురదా పూసి, కుప్పలో పక్కకు వాల్చి పెట్టాను. ఎంత బాగా కలిసిపోయిందంటే, రెండడుగులు వెనక్కి వేసి చూస్తే నాకే తేడా తెలియలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి, పీతో పోసే ముసలమ్మ దగ్గరికి పోయాను. కుండ సిద్ధంగా ఉంచమని చెప్పి, ఆ సంతోషంలో ఒక సొరబుర్రెడు నేనూ పుచ్చుకుని, ఆమెతో కబుర్లు వేసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి కుప్ప లేదు.

లామిసి నడుం వంచి నేల ఊడుస్తోంది. ఇనుము ఇనుములో, రాగి రాగిలో, పలకలు సంచిలో. నేల అద్దంలా ఉంది.

"పొద్దుటి కుప్ప ఏదే?" అన్నాను.

"అయిపోయింది వదినా. నువ్వొచ్చేలోగా తేల్చేద్దామని ఊపిరి సలపకుండా చేశా. పొద్దస్తమానం నత్తనడక లామిసీ, నత్తనడక అంటావుగా."

"ఆ మూలన... పక్కకు వాల్చి, మసి పూసిన పెట్టె ఒకటి..."

"అన్నీ మసివేగా! ఆఁ, అదా, అదీ ఒలిచేశా. లోపల దుమ్ము మెండుగా ఉంది వదినా, తుమ్ములొచ్చి చచ్చాననుకో. ఏదో కాగితంముక్క ఉంటే అదీ ఊడ్చేశా."

"దాని డిస్కేది?"

"డిస్కులన్నీ అల్యూమినియం సంచిలో పడేశా. అగ్బెకో మనిషి బండి తెచ్చి ఇప్పుడే తోలుకుపోయాడు. ఏంది వదినా, కూచుంటున్నావేంది? ఎండదెబ్బ కొట్టిందా?"

చెప్పాను. లామిసి చేతిలోంచి చీపురు జారిపోయింది. పాపం దాని తప్పేముంది? మా దొడ్డిలో ఎవరైనా కుప్పలో పెట్టారంటే పగలగొట్టమనే అర్థం. ఫ్రాఫ్రా మనిషి అయ్యుండి, దగాబా వాడి ఇంట్లో పెద్దపని ఉన్న రోజున, నా వాలకం చూసి కూడా దానికి అనుమానం రాలేదంటే, అది పనిలో అంత మునిగిపోయింది. అంత మునిగేలా దెప్పి దెప్పి తయారుచేసింది నేనే.

డబ్బా పోతే డబ్బా దొరుకుతుంది, తెరలూ తీగలూ దొరుకుతాయి. పాఠాలన్నీ ఉన్నది ఆ డిస్కులో. వానలో గుట్టెక్కిన పెర్పెతువా గొంతు ఉన్నది అందులో. అగ్బెకో చేసేది వంటగిన్నెలు. మేం పంపిన అల్యూమినియం కరిగించి ఇసుక అచ్చుల్లో పోసి, ఆక్రాలో సగం వంటిళ్లకు గిన్నెలు చేసేది అతనే. పరుగెత్తాను. ఉల్లిపాయల సంత మధ్యలోంచి, టమాటా బుట్టల మీంచి దూకి, తిట్లు తిని, చెప్పు ఒకటి ఎక్కడో వదిలేసి పరుగెత్తాను.

అగ్బెకో కొలిమి భగభగమంటోంది. గాలి కొట్టే ఫ్యాను కూడా మా దొడ్డి నుంచి వెళ్లినదే. అతను తాపీగా తట్టతో సంచిలోంచి తీసి మూసలో వేస్తున్నాడు.

"ఆపు అగ్బెకో! ఆపమంటుంటే!"

"ఏంటమ్మా, ఇల్లు తగలడుతోందా?"

"ఆ సంచి నాకిచ్చెయ్. అందులో బళ్లో పిల్లల చదువుంది."

అతను తట్టలోకి చూశాడు, మూసలోకి చూశాడు. "చదువా? మంచిదేగా. ఈ గిన్నెల్లో వండుకు తిన్నోళ్లందరికీ అబ్బుతుంది."

"పరాచికాలాడే వరస నీకూ నాకూ లేదు. నువ్వు ఎవే తెగవాడివి. సంచి ఇటివ్వు."

"ఓ తట్టెడు ఇప్పటికే కరిగిపోయిందమ్మా. అచ్చులు తీసిపెట్టా, ఎండిపోతే పగుళ్లిస్తాయి. పోత మధ్యలో ఆపితే నా రోజంతా మట్టి. కొలిమి నోట్లోంచి తీసుకుంటే ఇంకోటి దాని నోట్లో పెట్టాలి. అంత బరువు అల్యూమినియం తెచ్చి పడెయ్, సంచి నీది."

అంత సరుకు నా దగ్గర ఎక్కడుంది, ఉన్నదంతా అతని సంచిలోనే ఉంటే! ఒక్కటే ఉంది. మా ఇంట్లో టీజెడ్ సంకటి కలిపే పెద్ద గిన్నె. అంతకు ముందు ఏడాది ఈ అగ్బెకోతోనే పోయించుకున్నాను. పండగకు చుట్టాలొచ్చినా, చావుకు ఊరంతా వచ్చినా ఆ ఒక్క గిన్నే అందరి కడుపులూ నింపేది. లామిసి, నేనూ చెరో చెవి పట్టుకుని మోసుకొచ్చాం. మూసలో పట్టదన్నాడు. సుత్తి తీసుకుని నేనే పగలగొట్టాను. నా జీవితంలో ఎన్ని పగలగొట్టానో, నా సొంతది పగలగొట్టడం మాత్రం అదే మొదటిసారి.

సంచి ఖాళీ చేసి డిస్కులన్నీ ఏరాం. అన్నీ ఒకే తీరు, కవల పిల్లల్లా. ఏది జెర్వేజ్‌దో అమ్మవారికే తెలియాలి. కొలిమి అంచు మీద ఒకటి కాలుతూ కనిపించింది. గబుక్కున అందుకున్నాను, అరచెయ్యి చుర్రుమంది. అది కూడా సంచిలో వేసుకున్నాను. కరిగిపోయిన తట్టెడులో అతనిది ఉందో లేదో తెలియదు. మూసలో ఎర్రగా మెరుస్తున్న దాన్ని చూసి ఏడుపొచ్చింది. పిల్లలు కనిపించారు నాకు అందులో. ఎన్నడూ చూడని పిల్లలు.

దొడ్డికి వచ్చేసరికి లారీ వచ్చి నిలబడి ఉంది. జెర్వేజ్ తొమ్మిదింటినీ ఎక్కించి, టార్పాలిన్ కప్పి, తాళ్లు బిగిస్తున్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"వచ్చిందండీ దొంగ! ఏదీ నా తల్లిపెట్టె? మీ తాత లాగా నడుముకు కట్టుకున్నావా? పీతో ఎవరికి చెప్పాలి, ఆఁ? కోడి నల్లదా తెల్లదా?"

చుట్టూ జనం నవ్వారు. పీతో ముసలమ్మ అప్పటికే కుండ తెచ్చి నీడలో పెట్టింది. అందరూ వేడుక చూద్దామని చేరినవాళ్లే. నేను సంచి అతని కాళ్ల దగ్గర పెట్టాను.

"పగిలిపోయింది జెర్వేజ్" అన్నాను. బావా అనడానికి నోరు రాలేదు. "కుప్పలో దాచా. ఒలిచేశారు. డిస్కు కొలిమికి పోయింది. ఇయ్యి తెచ్చా, ఇందులో ఉందో కరిగిపోయిందో నాకు తెలీదు. లామిసిని ఏమీ అనమాకు, దానికి తెలీదు. అంతా నాదే." ఇంకో మాట మిగిలింది. బలవంతాన బయటికి నెట్టాను. "తప్పయింది. నన్ను క్షమించు."

దొడ్డిలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. ఫ్రాఫ్రా మనిషి దగాబా వాడికి క్షమాపణ చెప్పింది. వెనక నుంచి ఎవరో, "దేవుడా!" అన్నారు.

అతను కోపగించుకోడని నాకు తెలుసు. వరస ఒప్పుకోదు. గుండె పగిలినా నవ్వాలి. ఆ నవ్వు చూడాల్సి వస్తుందనే నేను దారంతా ఏడ్చాను. కానీ జెర్వేజ్ నవ్వలేదు. నా చేతికేసి చూశాడు, చెప్పు లేని కాలికేసి చూశాడు, సంచికేసి చూశాడు. పాత టైరు మీద కూలబడ్డాడు. తాళ్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"అజుంపొకా" అన్నాడు నెమ్మదిగా. "తల్లిపెట్టె డ్రైవరు సీటు వెనకాల ఉంది. నా దుప్పట్లో చుట్టి నిన్ననే లారీ దగ్గరికి పోయి పెట్టొచ్చా."

నాకు అర్థం కాలేదు.

"ఇవాళ నువ్వు ఏదో ఒకటి ఎత్తుకుపోతావని నాకు తెలవదా? మీ ఇంట డప్పు ఎత్తుకుపోయినోణ్ని నేను. అందుకే ఒట్టి డబ్బా ఒకటి పీట మీద పెట్టి, రిబ్బను కట్టి, అరిచి పోయా. దాన్లో డిస్కు ఎప్పుడో చచ్చింది. నువ్వు దాన్ని దాచుకుని, కోడి తిని, పీతో తాగి, రేపు తెరిచి చూసుకుంటే లోపల చిన్న చీటీ కనపడాలి. 'కుక్కతల ఇందులో కూడా లేదు మరదలా' అని. అంతే. ఇంత అవుద్దని..."

లోపల దుమ్ము మెండుగా ఉంది వదినా, అన్న మాట అప్పుడు తగిలింది నాకు. జెర్వేజ్ లేపిన పెట్టెలో దుమ్మా? పాలపిల్లను తుడిచినట్టు తుడుస్తాడు వాటిని. ఆ ఒక్కమాట చెవిన పెట్టి ఉంటే నా గిన్నె నా పొయ్యి మీదే ఉండేది.

ఒక్కసారిగా కోపం వచ్చింది, వరస గిరస అన్నీ మరిచి అతని జుట్టు పట్టుకోవాలన్నంత కోపం. ఆ వెంటే పిల్లల చదువు దుప్పట్లో వెచ్చగా ఉందన్న సంగతి లోపలికి దిగింది. అతని పక్కనే టైరు మీద కూర్చుని, నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూ తిట్టాను.

"నా గిన్నె... నా పెద్ద గిన్నె నేనే పగలగొట్టుకున్నా కదరా, కుక్కతల దొంగా!"

"నేను కూడా ఒక మాట చెప్పాలి మరదలా" అంటూ అతను నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో తెలిసి, కాలిన చేత్తోనే అతని నోరు మూసేశాను.

"వద్దు. ఇవాళ ఒక్కరు సిగ్గుమాలింది చాలు. ఆ మాట నువ్వు కూడా అన్నావంటే పైనున్న మన తాతలిద్దరూ నెత్తి బాదుకుంటారు. అసలు నేనన్నది కూడా వెనక్కి తీసుకుంటున్నా. ఇచ్చెయ్."

"ఏది?"

"క్షమాపణ. ఇచ్చెయ్ ఇటు."

అతను జేబులు తడుముకుని, ఖాళీ పిడికిలి తెచ్చి నా అరచేతిలో తెరిచాడు. అప్పుడు నవ్వింది దొడ్డి. వాగు అవతలి ఒడ్డున ఆవులు తలెత్తి చూశాయి.

కానీ పంచాయితీ తేలలేదు. దొంగతనం చెల్లుతుందా లేదా? లారీ డ్రైవరు చెల్లదన్నాడు, ఎత్తుకుపోయింది ఒట్టి డబ్బా కదా అన్నాడు. అతను అషాంతీ వాడు, అతనికేం తెలుసు. పీతో ముసలమ్మ కుండ మీద చెయ్యి వేసి తీర్పు చెప్పింది.

"పట్టిందల్లా పట్టినట్టే. అది తల్లి అని అరిచి చెప్పింది నువ్వే నాయనా. ఊరంతా విన్నది. తల్లి అన్నాక తల్లే. విడిపించుకో."

"ఒప్పుకుంటున్నా" అన్నాడు జెర్వేజ్. "పీతో ఇదిగో. కోడి రేపు. ఇంకేం కావాలి?"

"కోడి నాకొద్దు" అన్నాను.

జనం గుసగుసలాడారు. గిన్నికోడి వద్దన్న ఫ్రాఫ్రా మనిషిని వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు.

"మీ చెల్లెలి గొంతు పెట్టావుగా తల్లిపెట్టెలో? నా గొంతు కూడా పెట్టు. రోజూ పొద్దున పెట్టె వెలిగించగానే ముందు నేనే మాట్లాడాలి. మీ జీల్ పాట నా తర్వాతే."

జెర్వేజ్ టైరు మీంచి లేచాడు. "దగాబా బళ్లో ఫ్రాఫ్రా గొంతా? మా ఊరోళ్లు నన్ను వెలేస్తారు."

"వెలేస్తే ఇక్కడికే రా. ఎదురుపాక ఎటూ ఉందిగా."

దుప్పటి విప్పి తల్లిపెట్టెను దింపాడు. పీట మీద పెట్టి, నా నోటి ముందు చిన్న మైకు పెట్టాడు. తిట్లకు సరిపడా దగారే నాకు వచ్చు, ఇన్నేళ్లు ఎదురుపాకలో ఉండి నేర్చుకున్నదే. అయినా నాకు చెమట పట్టింది. నా ముందు పెట్టిన ప్రతి పెట్టెనూ ఇన్నేళ్లూ పగలగొట్టాను గానీ, ఒక్కదానితోనూ మాట్లాడలేదు.

"ఏయ్, కుక్కతల దొంగల మనవలూ!" అన్నాను చివరికి. "నేను మీ అజుంపొకా అత్తను. ఈ పెట్టెను మీ జెర్వేజ్ మామయ్య చావులోంచి లేపాడు. జాగ్రత్తగా వాడుకోండి. దీని మీద నీళ్లు పోయొద్దు, వేరుశనక్కాయలు తిన్న చేతులతో ముట్టుకోవద్దు. ఎప్పటికైనా ఇది నిజంగా చచ్చిపోతే, తీగలకు నిప్పు పెట్టి ఆ పొగ పీల్చకండి, బ్యాటరీని రాయితో కొట్టకండి, పాత టీవీ గాజు పగలగొట్టకండి. దాన్ని నాకు పంపండి. చచ్చినవి నావి. ఇక చదువుకోండి. మీ తాత చదువుకోలేదు కాబట్టే దొరికిపోయాడు."

అతను మీట నొక్కాడు. పెట్టెలోంచి నా గొంతు నాకే తిరిగి వినిపించింది. దాని వెనకాలే జీల్ మోగింది. లామిసి చప్పట్లు కొట్టి గంతులేసింది. జెర్వేజ్ తల వంచుకుని తాళ్లు సర్దుకుంటున్నాడు. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు నటించాను, వరసలో అంతవరకు మర్యాద ఉంది.

లారీ పోయింది. సంచిలోని డిస్కులను అతను తర్వాత ఒక్కొక్కటే పరీక్షించి, ఊపిరున్నవి కొన్ని దాచుకున్నాడు, చచ్చినవి నాకు తిరిగిచ్చాడు. గిన్నె కొత్తది పోయించుకునేదాకా మా ఇంటి వంట జెర్వేజ్ వాళ్ల గిన్నెలోనే సాగింది. నిజానికి ఇప్పటికీ దాంట్లోనే సాగుతోంది. అతను అడగడు, నేను ఇవ్వను. అడిగితే, పట్టింది పట్టినట్టే అంటాను.

హర్మటాన్ గాలులు మొదలైన రోజుల్లో ఒక పొద్దున్న జెర్వేజ్ ఫోను పట్టుకుని నా పాకలోకి వచ్చాడు. నేను ఒక ప్రింటరు పొట్ట చీలుస్తున్నాను.

"నీకే" అన్నాడు మూతి ముడుచుకుని. "మా చెల్లెలు గుట్ట మీద నుంచి చేస్తోంది. ఒంటరిగా రాలేదు."

ఫోను చెవికి ఆనించాను. గాలి హోరు, దాని వెనక పెర్పెతువా గొంతు. "అక్కా, మా ఊళ్లో పెద్దవాళ్లు తగువుకొచ్చారు. బళ్లో ఫ్రాఫ్రా మనిషి రోజూ తిడుతోందంట, ఆపించమన్నారు. నేను ఆపలేదు. నా పాఠం వినడానికి పిల్లలు ఆలస్యంగా వచ్చేవాళ్లు. నీ తిట్లు వినడానికి గంట కొట్టకముందే వచ్చి కూచుంటున్నారు. నీకు బదులు చెబుతామని నా ప్రాణం తీస్తుంటే గుట్ట ఎక్కించా. చెప్పండర్రా!"

గాలి హోరును మింగేస్తూ, గుట్ట మీద ఉన్న పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

"అజుంపొకా అత్తా! తల నీ దగ్గరే ఉంది! మా తాత కుక్కతల మాకిచ్చెయ్!"

సుత్తి పక్కన పెట్టేశాను. నేను ముట్టుకున్నదల్లా ముక్కలై కుప్పల్లోకి పోయింది ఇన్నాళ్లూ, అదే నా బతుకనుకున్నాను, దానికి దిగులూ పడలేదు. కానీ ఎక్కడో రాళ్లగుట్ట కింద ఒక బడిలో నా మాట ఒకటి పగలకుండా ఉంది, పొద్దునే వెలుగుతోంది. అది తెలిశాక నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

"ఇవ్వను!" అని ఫోనులోకి అరిచాను, గొంతు పగిలేలా. "దమ్ముంటే వచ్చి తీసుకోండి!"

అవతల పిల్లలు కేరింతలు కొట్టారు. జెర్వేజ్ నా పక్కన చతికిలబడి, నా ప్రింటరు లోపలికి తొంగి చూసి, "మరదలా, దీనికి ఇంకా ఊపిరుంది" అన్నాడు.

"లేదు" అన్నాను. "చచ్చింది. ఇది నాది."